కరణం రాసిన జ్వరం, డాక్టరు రాసిన థైసిస్: పాత మరణ పద్దులు చదివే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పాత మరణ రిజిస్టర్లలో కారణం గడిలో ఎక్కువసార్లు కనబడే మాట జ్వరం. అది చూసి ముత్తాత జ్వరంతో పోయాడని వంశవృక్షంలో రాసేసుకుంటారు. కానీ ఆ ఒక్క మాట కింద మలేరియా ఉండొచ్చు. టైఫాయిడో, న్యుమోనియానో, బాలింత జబ్బో, బయటికి చెప్పుకోలేక దాచిన ప్లేగో కావచ్చు. కరువు ఏడాదైతే వట్టి ఆకలి కూడా కావచ్చు. రాసినాయనకు తెలిసింది కొంత, ఆయన ముందున్న ఫారం రాయనిచ్చింది ఇంకొంత, ఇంటివాళ్లు చెప్పుకోగలిగింది మరికొంత. ఈ మూడూ కలిసి ఆ గడిలో ఒక మాటగా మిగిలాయి. అందుకే అర్థం కోసం నిఘంటువు తీసే ముందు ఆ పద్దు ఎవరు రాశారో, ఏ ఏడాది రాశారో తేల్చుకోవాలి.

ఎవరి చేతిరాత

1953 దాకా మన జిల్లాలు మద్రాసు పాలనలో ఉండేవి. జనన మరణాల నమోదుకు 1899లో మద్రాసు చట్టం వచ్చింది. పల్లెలో చావు కబురు తలారి తెచ్చేవాడు, మునసబో కరణమో పుస్తకంలో ఎక్కించేవాడు. శవాన్ని డాక్టరు చూసే పనే లేదు. ఇంట్లోవాళ్లు ఏం చెబితే అది, లేదా ఊళ్లో ఏమనుకుంటే అది. పైగా కారణాలకు గడులు ముందే గీసి ఉండేవి: కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, రక్తవిరేచనాలు-అతిసారం, ఊపిరితిత్తుల జబ్బులు, గాయాలు, మిగతావన్నీ. పాముకాటు, అడవిమృగాల వల్ల చావు, ఆత్మహత్య లాంటివి గాయాల కింద చిన్న గడులుగా ఉండేవి. ఒళ్లు కాలి చనిపోయిన ప్రతి మనిషీ జ్వరాల గడిలోకే పోయాడు. ఆకలికి గడి లేదు. 1876లో మొదలైన ధాత కరువులో కర్నూలు జిల్లా జనాభా 1871, 1881 జనగణనల మధ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. అయినా ఆ ఏళ్ల లెక్కల్లో ఆ చావులు కలరాగా, జ్వరంగా, విరేచనాలుగా పంచుకుపోయి కనబడతాయి. కరువేడు పద్దులో అతిసారం అని ఉంటే, తిండిలేక చిక్కిపోయిన ఒంటికి చివర్లో వచ్చిన విరేచనాలు కూడా అయ్యుంటాయని గుర్తుపెట్టుకోవాలి.

పట్నంలో మునిసిపాలిటీ రిజిస్టరైతే కొంత నయం. కొన్ని పద్దుల్లోనైనా ఆస్పత్రి మాట ఉంటుంది. చర్చి ఖనన రిజిస్టర్లది వేరే దారి. కడప, గుత్తి, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్, నంద్యాల వైపు మరో ఆంగ్లికన్ మిషన్ పనిచేశాయి. అక్కడ రాసింది పాదిరి. ఆయన డాక్టరు కాకపోయినా అప్పటి ఇంగ్లిషు వైద్య మాటలు తెలిసినవాడు. ఇంగ్లిషువాళ్ల ఖననాల నకళ్లు మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లేవి. మద్రాసువి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్లో, జైల్లో, పటాలంలో, మిషన్ ఆస్పత్రిలో అయితే రాసింది డాక్టరే. అక్కడ లాటిన్ ముక్కలు, పొట్టి రాతలు ఎదురవుతాయి.

కాబట్టి ఒకే జబ్బుకు కరణం పుస్తకంలో దగ్గు-ఆయాసం, పాదిరి పుస్తకంలో కన్సంప్షన్, ఆస్పత్రి కాగితంలో థైసిస్ అని ఉండొచ్చు. మూడూ ఊపిరితిత్తుల క్షయవైపే చూపిస్తాయి, కానీ మూడిటినీ ఒకే గట్టిదనంతో నమ్మకూడదు. జర్మన్ శాస్త్రవేత్త కోచ్ క్షయ క్రిమిని చూపించింది 1882లో. దానికి ముందు ఎంత గొప్ప డాక్టరు థైసిస్ అని రాసినా, చిక్కిపోవడం, దగ్గు, నెత్తురు పడటం చూసి రాసిందే. వాటిలో ఊపిరితిత్తుల చీముగడ్డలు, క్యాన్సర్లు కూడా కలిసిపోయి ఉంటాయి.

జ్వరం అన్న మాటను విప్పడం

డాక్టరు రాసిన జ్వరాలకు తరగతులున్నాయి. ఇంటర్మిటెంట్ అంటే వచ్చి పూర్తిగా దిగి మళ్లీ వచ్చేది. ఏగ్యూ అన్నా అదే, మన చలిజ్వరం. ఇది చాలావరకు మలేరియా. రెమిటెంట్ అంటే కొంచెం తగ్గుతుంది గానీ పూర్తిగా దిగదు. ఇక్కడే చిక్కు. ముదిరిన మలేరియా అలాగే ఉంటుంది, టైఫాయిడూ అలాగే ఉంటుంది. టైఫాయిడ్‌ను రక్తపరీక్షతో పట్టుకునే విడాల్ పద్ధతి 1896లో వచ్చింది, జిల్లా ఆస్పత్రులకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అందుకని 1900కి ముందు రెమిటెంట్ అని కనబడితే రెండింటినీ రాసుకోవడమే న్యాయం. జబ్బు ఎన్నాళ్లు నడిచిందో రాసి ఉంటే కాస్త దారి దొరుకుతుంది. మూడు వారాల దాకా సాగి, చివర్లో కడుపు ఉబ్బి, సంధి మాటలు మాట్లాడి పోయినవాళ్లలో టైఫాయిడ్ వైపు మొగ్గు ఎక్కువ. ఇరవై ఒక్క దినాల జ్వరం అని మనవాళ్లు అన్నదీ దీన్నే. ఎంటెరిక్ ఫీవర్ అని ఉంటే నేరుగా టైఫాయిడే. టైఫస్ అని ఉంటే మాత్రం ఆగాలి. అది పేలు, ఎలుకల మీది ఫ్లీలు, మైట్లు అనే చిన్న పురుగుల వల్ల వచ్చే వేరే జ్వరం. ఈ రెండింటినీ వేరుచేసి చెప్పింది 1850 ప్రాంతంలోనే, ఆ తర్వాత కూడా చాలామంది కలిపేసి రాశారు.

చలిజ్వరంలోనూ లెక్క ఉంది. కోటీడియన్ అంటే రోజూ వచ్చేది. టెర్షియన్ అంటే మూడోది అని అర్థం, కానీ జ్వరం వచ్చేది 48 గంటలకోసారి. వచ్చిన రోజును ఒకటిగా లెక్కపెట్టే రోమన్ పద్ధతి అది. మన దినం మార్చి దినం జ్వరం ఇదే. క్వార్టన్ అంటే నాలుగోది, 72 గంటలకోసారి. ఈ తేడా తెలియక టెర్షియన్‌ను మూడు రోజుల జ్వరమని అనువదిస్తే, మూడు రోజుల్లో మనిషి పోయాడన్న తప్పు అర్థం వచ్చేస్తుంది.

మలేరియా అన్న మాటే తిరకాసు. చెడ్డ గాలి అని దాని మూలార్థం. దోమ కడుపులో ఆ క్రిమిని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనిపెట్టింది 1897 ఆగస్టు 20న. అంతకుముందు మలేరియస్ ఫీవర్ అని రాస్తే ఆ ఊరు గాలి మంచిది కాదన్న నమ్మకమే ఎక్కువ పలికింది. నల్లమల అంచు ఊళ్లలో, కర్నూలు-కడప కాలువ కింది తడి నేలల్లో ఆ నమ్మకం నిజానికి దగ్గరగానే ఉంది. అలాంటి ఊరి పద్దులో వానాకాలం వెళ్లాక జ్వరమని ఉండి, పక్కన బల్ల అన్న మాట కూడా ఉంటే మలేరియా అనడానికి బలం వస్తుంది. కడుపులో బల్ల పెరిగిందంటే ప్లీహం, కొన్నిసార్లు కాలేయం, ఉబ్బి గట్టిపడి చేతికి తగలడం. ఇంగ్లిషు కాగితాల్లో దీన్నే ఏగ్యూ కేక్ అన్నారు.

తేదీ ఒక్కటే చాలే పద్దులు కూడా ఉన్నాయి. 1918 అక్టోబరు, నవంబరు నెలల్లో జ్వరం, దగ్గు, ఆయాసం అని ఇరవై నుంచి నలభై ఏళ్లవాళ్లు వరసగా కనబడితే అది ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి. ఆ మాట రిజిస్టరులో కనబడనక్కర్లేదు. అలాగే ప్లేగు. 1896లో బొంబాయిలో మొదలై, రెండేళ్లు తిరక్కుండానే మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చింది. ప్లేగు అని తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు, సోదా చేస్తారు, ఊరి బయట గుడిసెల్లో పెడతారు. ఆ భయంతో ఎన్నో ఇళ్లలో మామూలు జ్వరమనే చెప్పారు. చలికాలంలో రెండు మూడు వారాల్లో ఒకే వీధిలో జ్వరం చావులు గుంపుగా ఉంటే, ఎక్కడో ఒకచోట బిళ్ళ కట్టింది అనో అడ్డగర్ర అనో మాట దొరుకుతుందేమో చూడాలి. గజ్జల్లో, చంకల్లో గడ్డ లేవడమన్నమాట. ఒంటరిగా అడ్డగర్ర ఒక్కటే కనబడితే మాత్రం ప్లేగని తొందరపడొద్దు. కాలి పుండుకూ, సుఖరోగానికీ కూడా గజ్జల్లో గడ్డ కడుతుంది.

తెలుగు మాటల్లో ఉచ్చులు

ఇంగ్లిషు లాటిన్ మాటలకు పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి. తెలుగులో రాసిన పద్దులే ఎక్కువ మోసం చేస్తాయి, ఎందుకంటే మనకు తెలిసిన మాటలే అనిపిస్తాయి.

శోఫ, శోష. మొదటిది వాపు, రెండోది చిక్కిపోవడం. చేతిరాతలో ఫ, ష రెండూ ప మీద కట్టిన అక్షరాలే. లోపలి గీత ఎటు తిరిగిందన్నదే తేడా, సిరా పాకితే అదీ ఉండదు. నీరు పట్టి ఉబ్బిన మనిషినీ ఎముకల గూడైన మనిషినీ ఒకే మాటగా చదివే ప్రమాదం ఇక్కడుంది. దానికి తోడు రాయలసీమ వాడుకలో శోష వచ్చిందంటే సొమ్మసిల్లిందని కూడా అర్థం. అదే చేతితో రాసిన ఫలం, విషం, పుష్యం లాంటి మాటలు ఇంకెక్కడైనా దొరికితే ఆ అక్షరం వాటంతో పోల్చి తేల్చుకోవాలి. పక్క మాట కూడా సాయం చేస్తుంది. జలోదరం, నంజు, కాళ్లవాపు దగ్గరగా ఉంటే శోఫ. బాల అన్న మాట ముందుంటే శోష.

నంజు అంటే ఒళ్లంతా నీరు పట్టడం. ఇంగ్లిషులో డ్రాప్సీ, అనసార్కా. పొట్టలో మాత్రమే నీరైతే జలోదరం, ఎసైటిస్. ఇవి రోగాలు కావు, గుండె, మూత్రపిండాలు, కాలేయం, రక్తహీనత, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి దెబ్బతిన్నదానికి గుర్తులు. నడి వయసు దాటినవాళ్లలో ఆయాసంతో కలిసి వస్తే గుండె వైపు, ముఖం ముందు ఉబ్బిందని ఉంటే మూత్రపిండాల వైపు, పచ్చకామెర్లు ఉంటే కాలేయం వైపు ఆలోచించాలి. బ్రైట్స్ డిసీజ్ అని ఉంటే మూత్రపిండాల జబ్బు. నంజుకు విషమన్న అర్థం కూడా ఉంది, అందుకని పాము, పుండు లాంటి మాటల పక్కన ఉంటే విషమెక్కడం గురించే రాసి ఉండొచ్చు.

పాండు వేరు, కామెర వేరు. పాండురోగమంటే ఒళ్లు తెల్లబారడం, రక్తం లేకపోవడం. వరస కాన్పుల ఆడవాళ్ల పద్దుల్లో ఈ మాట కనబడితే గట్టి ఆధారమే. ఉబ్బు కామెర్లు అన్నది రక్తహీనతకు వాపు తోడైన స్థితికి కూడా వాడారు, అక్కడ పసుపు రంగు ఉందనుకోనక్కర్లేదు.

రాచపుండు చూడగానే ఈనాటి పాఠకుడు క్యాన్సర్ అనుకుంటాడు. పాత వాడుకలో రాచపుండు, రాచకురుపు అంటే మెడమీదో వీపుమీదో లేచే పెద్ద చీముకురుపు కూడా, ఇంగ్లిషులో కార్బంకిల్. ఇది షుగరు ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది. అతిమూత్రం, మేహం లాంటి మాటలు అదే కుటుంబం పద్దుల్లో దొరికితే వంశంలో మధుమేహం ఉందేమోనన్న ప్రశ్న వేసుకోవచ్చు. జబ్బు రెండు మూడు వారాల్లో ముగిస్తే కురుపు, నెలలు ఏళ్లు సాగితే క్యాన్సర్. మేహం అన్న మాట ఒక్కటే ఉంటే దానితో ఏదీ తేల్చలేం. మధుమేహం నుంచి సవాయి దాకా, అంటే సిఫిలిస్ దాకా, అన్నిటికీ అదే గొడుగు.

గుండెపోటు కూడా ఇలాంటిదే. ఇప్పుడది హార్ట్ ఎటాక్. పాత కాగితంలో పోటు అంటే పొడిచినట్టు నొప్పి. అది ఊపిరితిత్తి పొర వాపు కావచ్చు, కడుపులో పుండు పగిలి పైకెగదన్నిన నొప్పి కావచ్చు. సన్ని, సన్నిపాతం, సంధి అన్నవి జబ్బు పేర్లు కావు, చివరి దశలో మతి తప్పి పలవరించడం. ఏ జ్వరానికైనా చివర్లో అంటారు.

అమ్మవారు పోసింది, తల్లి వచ్చింది అన్నచోట పెద్దమ్మవారా చిన్నమ్మవారా చూడాలి. పెద్దది మశూచి, చిన్నది ఆటలమ్మ. తట్టు, పొంగు అయితే మీజిల్స్. కానీ సుంకులమ్మ కోపమనో మారెమ్మ వచ్చిందనో ఉంటే మశూచి కావచ్చు, కలరా కావచ్చు, ఊరును ఊపేసిన ఏ జబ్బైనా కావచ్చు. రోజులు లెక్కపెడితే తేలుతుంది. కలరా గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో చంపుతుంది. మశూచి చావులు ఎక్కువగా రెండో వారంలో. ఇంగ్లిషులో వేరియోలా అంటే మశూచి, వేరిసెల్లా అంటే ఆటలమ్మ. తొందర చేతిరాతలో ఈ రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. పెద్దవాళ్లు చనిపోయిన పద్దయితే వేరియోలాకే మొగ్గాలి.

నారికురుపు అన్న మాట దిగుడుబావుల నీళ్లు తాగిన ఊళ్లలో కనబడుతుంది. అది గినీవర్మ్, నారి పురుగు. పురుగు చంపదు, అది బయటికొచ్చిన పుండులో చీము చేరి, ధనుర్వాతం తగిలి పోయినవాళ్లున్నారు. 2000లో మన దేశం ఈ జబ్బు నుంచి బయటపడినట్టు ప్రకటించారు, కాబట్టి ఈ తరానికి ఆ మాటే తెలియదు.

ఇలాంటి మాటల దగ్గర మొదట చూడాల్సింది బ్రౌన్ నిఘంటువు. 1852లో అచ్చయింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో ఉద్యోగం చేసినవాడు, అందుకని మన వైపు వాడుక మాటలు అందులో దొరుకుతాయి. ఇప్పటి నిఘంటువు ఇప్పటి అర్థమే ఇస్తుంది. ఆ కాలం మాటకు ఆ కాలపు నిఘంటువే కావాలి.

పసిబిడ్డలు, బాలింతలు

ఈ పద్దుల దగ్గర ఇంకాస్త ఓపిక పట్టాలి. బిడ్డ పేరు కూడా ఉండదు, ఫలానావారి కొడుకు అనో కూతురు అనో ఉంటుంది, కారణం గడిలో ఒక్క ముక్క. ఆ ముక్కను విప్పగలిగేది వయసే.

మొదటి రెండు వారాల లోపు, ముఖ్యంగా ఆరో రోజు నుంచి తొమ్మిదో రోజు మధ్య, ఫిట్స్, వాయువు, పాలు పట్టలేదు, దవడలు బిగిశాయి అని ఉంటే బొడ్డు కోసినచోట తగిలిన ధనుర్వాతం అనుకోవచ్చు. డాక్టరు రాస్తే ట్రిస్మస్ నాసెంటియం. ఒకే తల్లికి వరసగా ఇద్దరు ముగ్గురు బిడ్డలు అదే వయసులో పోతే ఇంటికి ఏదో పట్టిందని అనుకున్నారు. కొడవలో వెదురు బద్దో, బొడ్డు మీద పెట్టిన పేడో బూడిదో కారణం. 2015లో గానీ మన దేశం దీన్ని నిర్మూలించినట్టు నిర్ధారణ కాలేదు.

ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య టీథింగ్, పళ్లు రావడం అని ఉంటే అది కారణం కాదు, ఆ వయసుకు పెట్టిన పేరు. అప్పుడే తల్లిపాలు తగ్గి బయటి నీళ్లు, తిండి మొదలవుతాయి. ఎక్కువ మంది విరేచనాలతో పోయారు. మరాస్మస్, ఎట్రఫీ, ఇనానిషన్, డెబిలిటీ, మన బాలశోష, గ్రహణి, ఇవన్నీ తిండి చాలక, విరేచనాలు ఆగక చిక్కిపోయిన బిడ్డలవి. టేబిస్ మెసెంటెరికా అని ఉంటే పేగుల చుట్టూ గ్రంథులకు పట్టిన క్షయ అని డాక్టరు అనుకున్నాడు. నులిపురుగులు అని ఉన్నా అంతే, పురుగులు పడటం చూశారు, అసలు చంపింది మరొకటి అయ్యుంటుంది. తట్టు వచ్చిపోయాక నెలలోపు చెంప కుళ్లిందని ఉంటే కాంక్రమ్ ఓరిస్, తిండిలేని పిల్లలకు వచ్చే భయంకరమైన పుండు. క్రూప్ అని, గొంతు పూడుకుపోయిందని ఉంటే డిఫ్తీరియాను ముందు అనుమానించాలి.

ఆడమనిషి పదిహేను నుంచి నలభై అయిదేళ్ల మధ్య పోతే జనన రిజిస్టరు కూడా తీయాలి. అదే ఇంటిపేరుతో, చావుకు ముందు 42 రోజుల లోపు కాన్పు ఉందేమో చూడాలి. కారణం గడిలో జ్వరం అని ఉన్నా, కాన్పయిన మూడో రోజు నుంచి పదో రోజు మధ్య వచ్చిన జ్వరమైతే అది చాలావరకు ప్యూర్పెరల్ ఫీవర్, చేతుల శుభ్రత లేక గర్భసంచికి చీము పట్టడం. బాలింత సన్ని, సూతిక వాతం అన్న మాటలు ఆ జ్వరానికీ వాడారు, కాన్పు వేళ వచ్చే ఫిట్స్‌కూ వాడారు. బిడ్డ జననం నమోదు కాకపోవచ్చు. చనిపోయి పుట్టిన బిడ్డలను చాలాచోట్ల అసలు రాయలేదు. అందుకని జనన పద్దు లేదంటే కాన్పు లేదని తేల్చేయకూడదు.

కలరా, హార్ట్ ఫెయిల్యూర్

కలరా మోర్బస్ అన్న మాట 1817కు ముందు మామూలు వాంతులు విరేచనాలకు వాడేది. ఆ ఏడు బెంగాల్‌లో లేచిన మహమ్మారి తర్వాత అదే మాటను అసలు కలరాకూ వాడారు, కొందరు స్పాస్మోడిక్ కలరా అని, ఇంకొందరు ఏషియాటిక్ అని వేరుచేశారు. మన వాంతిభేది, విషూచి రెంటికీ సరిపోతాయి. తేల్చేది వేగం. దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు అయిన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో పొద్దున జబ్బుపడి రాత్రికల్లా పోయాడు. వాంతులు విరేచనాలతో గట్టిగా ఉన్న మనిషిని ఒక్క పగటిలో తీసుకుపోతే అది చాలావరకు కలరానే. అపోప్లెక్సీ అన్నా హఠాత్తు చావే, సాధారణంగా మెదడులో రక్తం చిట్లడం. ఏప్రిల్, మే నెలల్లో హీట్ అపోప్లెక్సీ అని ఉంటే మాత్రం వడదెబ్బ.

కాలం ముందుకొచ్చాక వేరే రకం మసక కమ్ముతుంది. హార్ట్ ఫెయిల్యూర్, కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్, సింకోపి, కోమా, ఎగ్జాషన్. ఇవి చావు ఎలా ముగిసిందో చెబుతాయి, దేనివల్ల వచ్చిందో చెప్పవు. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె, ఊపిరి ఆగుతాయి. తాత కాగితంలో హార్ట్ ఫెయిల్యూర్ చూసి మా వంశంలో గుండెజబ్బుందని డాక్టరుకు చెబితే ఆయనను తప్పుదారి పట్టించినట్టే. ఇప్పటి వైద్య ధ్రువపత్రం, అంటే నాలుగో ఫారం, ఈ చిక్కు కోసమే రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగంలో ఎ గడిలో చివరి స్థితి, దాని కింద బి, సి గడుల్లో దానికి దారితీసినవి. ఈ మొదటి భాగంలో అన్నిటికంటే కింద నింపిన గడే అసలు కారణం. పై గడి మాత్రమే చదివి కాగితం మడిచేసేవాళ్లే ఎక్కువ.

పొట్టి రాతలు కొన్ని: ఫెబ్. ఇంట్. అంటే చలిజ్వరం, ఫెబ్. అంటే ఫిబ్రవరి కాదు. పి.యు.ఓ. అంటే కారణం తెలియని జ్వరం. వి.డి.హెచ్. గుండె కవాటాల జబ్బు. జి.పి.ఐ. సిఫిలిస్ మెదడుకెక్కి వచ్చిన పిచ్చి. హైడ్రోఫోబియా పిచ్చికుక్క కాటు. డి, ఓ పక్కన చుక్క పెట్టి ఉంటే అది డిటో, పై గడిలో ఉన్నదే. తెలుగులో దీనికి సదరు. పేజీ మొదట్లో సదరు కనబడితే వెనక పేజీ చివరి గడి చూడాలి. ఇది మరిచిపోయి ఎంతోమంది ఆధారం పోగొట్టుకుంటారు.

తేదీలు, ఊళ్లు

ఫసలీ అంటే జూలైలో మొదలయ్యే పాత రెవెన్యూ సంవత్సరం. దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1328 అంటే 1918 జూలై 1 నుంచి 1919 జూన్ 30 దాకా. జనవరి నుంచి జూన్ మధ్య పద్దయితే 591 కలపాలి. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ధాత 1876-77లో ఉంది, 1936-37లోనూ ఉంది. తెలుగు అంకెల్లో ౧ సిరాకు మూసుకుపోతే ౦ అవుతుంది, పదకొండేళ్లవాడు పదేళ్లవాడవుతాడు. వయసు గడిలో అంకె పక్కన నె అని చిన్నగా ఉందేమో తప్పక చూడాలి. ఎనిమిది నెలల బిడ్డకూ ఎనిమిదేళ్ల పిల్లకూ జ్వరం అర్థమే మారిపోతుంది.

అనంతపురం జిల్లా 1882లో పుట్టింది, దానికి ముందు ఆ ఊళ్లు బళ్లారి కింద వెతకాలి. మదనపల్లె 1911 దాకా కడపలో ఉంది, మార్కాపురం 1970 దాకా కర్నూలులో ఉంది. ఇంగ్లిషు స్పెల్లింగులో కడప 2005 దాకా కుడ్డపా. 1860ల నుంచి మద్రాసు శానిటరీ కమిషనర్ ఏటా అచ్చువేసిన నివేదికల్లో జిల్లాల వారీగా ఏ జబ్బుతో ఎందరు పోయారో లెక్కలుంటాయి. మీ పద్దు ఉన్న ఏట ఆ జిల్లాలో కలరా ఉందా లేదా అన్నది అక్కడ సరిచూసుకోవచ్చు. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ పాత మద్రాసు కాగితాలకు అసలు చోటు.

కాగితం మీద పని

పద్దును ఉన్నదున్నట్టు, తప్పులతో సహా, అక్షరం అక్షరం రాసుకోండి. అర్థం కాని అక్షరం దగ్గర చుక్క పెట్టండి, ఊహించి నింపకండి. తర్వాత అదే పేజీలో పైన పది, కింద పది పద్దులు కూడా రాసుకోండి. పని ఎక్కువే గానీ సగం ముడులు అక్కడే విడిపోతాయి. ఆ చేతి అక్షరాల వాటం తెలుస్తుంది, ఆ వారంలో ఊళ్లో ఏ జబ్బు తిరుగుతోందో తెలుస్తుంది. అందరికీ జ్వరమే రాసే కరణమా, వేరుచేసి రాసేవాడా అన్నదీ తెలుస్తుంది. ఇరవై పద్దుల్లో పద్దెనిమిది జ్వరమైతే ఆ మాటకు విలువ తక్కువ. అదే చేయి ఒకచోట పక్కనొప్పి జ్వరం అని ప్రత్యేకంగా రాసిందంటే దానికి బరువుంది, న్యుమోనియానో ప్లూరిసీనో (ఊపిరితిత్తి పొర వాపు) అని ఆలోచించాలి.

ఊహకు ఒక పద్దు తీసుకుందాం. ఫసలీ 1328, కార్తీకం, ఆడమనిషి, వయసు 24, జ్వరం, అయిదు దినాలు. ఫసలీ ప్రకారం 1918 నవంబరు చుట్టుపక్కల. పై పద్దుల్లో అదే వారం నలుగురు నడి వయసువాళ్లు. ఇన్‌ఫ్లూయెంజా అని చెప్పాలనిపిస్తుంది. కానీ జనన రిజిస్టరులో అదే ఇంట్లో పది రోజుల ముందు మగబిడ్డ ఉన్నాడనుకోండి. ఇప్పుడు రెండు దారులు. ఆ మహమ్మారిలో గర్భిణులు, బాలింతలు ఎక్కువగా పోయారు, బాలింత జ్వరం కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే చంపుతుంది. ఇక్కడ ఒక్కటి ఎంచుకుని రాయడం అన్యాయం. వంశవృక్షంలో మూడు వరసలు పెట్టండి: పద్దులో ఉన్న మాట, దాని అప్పటి అర్థం, మన అంచనా. మూడో వరసలో రెండు పేర్లూ రాసి, ఏ ఆధారంతో అనుకున్నారో ఒక వాక్యం జోడించండి. రేపు ఆ ఇంటి కాగితమింకొకటి దొరికితే మార్చుకోవడానికి అదే దారి.

ఇంకో మాట ముందే తెలియాలి. పంచాయతీ కార్యదర్శి దగ్గరో మునిసిపాలిటీలోనో మరణ ధ్రువపత్రం తీసుకుంటే అందులో కారణం ఉండదు. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరికిచ్చే నకలులోనూ మరణ కారణం బయటపెట్టకూడదు. గుమాస్తా దాచాడని అతనితో తగవు పడి ప్రయోజనం లేదు. పద్దే దొరక్కపోతే పదో ఫారంలో అలభ్యత పత్రం అడిగి తీసుకోండి, ఎక్కడెక్కడ వెతికారో చెప్పడానికి ఉంటుంది. కారణం కావాలంటే ఆస్పత్రి ఇచ్చిన నాలుగో ఫారం నకలు, బీమా క్లెయిము కాగితాలు, డిశ్చార్జి చీటీ, చర్చి రిజిస్టరు వెతకాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆస్పత్రిలో చనిపోతే కారణం తెలిపే ధ్రువపత్రం నకలు దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఆ కాగితం అడిగి తీసుకుని, కింది గడి దాకా చదివి, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం పెట్టిన కవరులోనే భద్రం చేయండి.